బంగారం ఊపిరి తీసిన రోజులు

మా ల్యాబ్‌లో అందరికంటే ఎక్కువ మర్యాద లేజరుకు దక్కేది. దానికి చలువ గది, దుమ్ము పడకుండా తెరలు, కరెంటు పోయినా తెలియకుండా గోడంత బ్యాటరీలు. మాకు మాత్రం కారిడార్లో ఒక బల్ల, దాని పైన గిర్రున తిరగడం ఎప్పుడో మానేసిన ఫ్యాను. లేజరు అలిగితే మా గైడు విదేశాలకు ఫోన్లు చేసేవారు. నేను జ్వరంతో పడుకుంటే "టేక్ రెస్ట్. బట్ డేటా?" అని మెసేజ్ పెట్టేవారు.

నేను పీహెచ్‌డీ చేసింది బెంగళూరులోనే. కాడుగోడిలో మెట్రో ఎక్కితే ఊరు ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయేది నా ప్రయాణం. ఇంట్లో అమ్మా నేనూ, ఇద్దరమే. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ వైట్‌ఫీల్డ్‌లో ఒక నర్సింగ్ హోంలో నర్సు. కడప వైపు నుంచి నర్సింగ్ సర్టిఫికెట్ ఒకటీ, మోకాళ్ళు రెండూ పట్టుకుని ఈ ఊరొచ్చింది. సర్టిఫికెట్ ఇంకా బాగానే ఉంది, మోకాళ్ళే అరిగిపోయాయి. "నీ చదువు అయిపోయిన దినం నేను డ్యూటీ మానేస్తా" అనేది. పీహెచ్‌డీ చేసేవాళ్ళను ఎప్పుడయిపోతుందని బంధువులు అడుగుతారు. మా ఇంట్లో ఆ మాట అడిగేది అమ్మ మోకాళ్ళు. రాత్రి ఆమె నూనె రాసుకుంటుంటే నేను పుస్తకంలో తల దూర్చేదాన్ని.

మేము చేసే పనిని చర్చిలో ఆంటీలకు చెప్పీ చెప్పీ నాకొక పద్ధతి వచ్చేసింది. బంగారాన్ని కంటికి కనిపించనంత సన్నని కడ్డీలుగా చేస్తాం. అంత చిన్నగా చేశాక అది బంగారం రంగులో ఉండనే ఉండదు, నీళ్ళలో కలిపితే ద్రాక్షరసంలా కనిపిస్తుంది. ఆ కడ్డీలను గాజు పలక మీద పొరలా ఆరబెట్టి లేజరు వెలుగుతో ఒక్క దెబ్బ కొడతాం. దెబ్బ తగలగానే కడ్డీ వేడెక్కి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, మళ్ళీ ఉబ్బుతుంది. దీన్ని మా శాస్త్రంలో కూడా ఊపిరి తీయడమనే అంటారు, నా కవిత్వమేమీ లేదు. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, అలాంటి ముక్కలు, అంటే పికోసెకండ్లు, కొన్ని వందలు గడిచేలోపు ఈ భాగోతమంతా అయిపోతుంది. ఆంటీలు ఇక్కడి దాకా విని "స్టైపెండ్ ఎంతమ్మా?" అనేవారు.

అంత వేగాన్ని నేరుగా పట్టే కెమెరా లేదు కాబట్టి మేము ఒక దొంగ ఉపాయం వాడతాం. కొట్టే వెలుగు వెనకాలే చూసే వెలుగును పంపిస్తాం. రెండోదాన్ని ఒక అద్దం మీదుగా కాస్త దూరం తిప్పి తెస్తే, అది అంత ఆలస్యంగా వచ్చి, దెబ్బ తిన్న కడ్డీ అప్పుడెలా ఉందో చూసి చెబుతుంది. అద్దం ఒక పట్టా మీద ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి వెనక్కి జరిపితే ఇంకాస్త ఆలస్యం. ఒక్కోచోట అద్దం ఆగుతుంది, వేలసార్లు కొట్టి వేలసార్లు చూసి సగటు తీసుకుంటుంది, మళ్ళీ జరుగుతుంది. అలా ఈ కొస నుంచి ఆ కొసకు ఒక స్కాను పూర్తయ్యేసరికి మా పాస్టరు గారి ప్రసంగమంత సేపు పడుతుంది. అంటే రెప్పపాటులో వెయ్యో వంతు కూడా లేని కాలాన్ని చూడటానికి మేము ఒక ప్రసంగం సేపు కూర్చోవాలి. ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి. నేను రెండేళ్ళు మర్చిపోయాను.

ఇక మా ల్యాబ్ ఆచారం ఒకటి చెప్పాలి. స్కాను నడుస్తుండగా గదిలో మనిషి ఉండకూడదు. మనిషి ఒంటి వేడికి గాలి కదులుతుంది, గాలి కదిలితే వెలుగు కదులుతుంది. కాబట్టి బటన్ నొక్కాలి, పిల్లిలా బయటికి రావాలి, తలుపు మూయాలి, కారిడార్లో కూర్చోవాలి. స్కాను అయిపోయాక లోపలికి పోయి ఇంకో బటన్ నొక్కి మళ్ళీ బయటికి రావాలి. నాకు ముందు పనిచేసి వెళ్ళిపోయిన సీనియర్ నాకు ఇది నేర్పింది, ఆమెకు ఆమె సీనియర్ నేర్పాడట. గుడిలో గర్భగృహానికి కూడా ఇంత మడి ఉండదేమో. మేమందరం దీన్ని నిష్ఠగా పాటించాం, పాటించని వాళ్ళను చిన్నచూపు చూశాం.

అలా మడి కట్టుకుని పనిచేస్తున్న రోజుల్లో నాకు ఊపిరి దొరికింది. ఒక్కో కడ్డీ తీసే ఊపిరి కాదు, అది అందరికీ తెలిసిందే. దానికంటే చాలా నిదానంగా, పెద్దగా, పొర మొత్తం కలిసి ఉబ్బి తగ్గుతున్నట్టు గ్రాఫ్‌లో అలలు కనిపించాయి. ఒక స్కానులో కనిపిస్తే నేను నమ్మేదాన్ని కాదు. ప్రతి స్కానులో, ప్రతి రోజూ, ఒకే చోట మొదలై ఒకే చోట దిగే అలలు. ఎన్ని స్కాన్ల సగటు తీస్తే అంత శుభ్రంగా వచ్చేవి. మా గైడు సార్‌కు చూపిస్తే కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. "దే ఆర్ బ్రీదింగ్ టుగెదర్" అన్నారు. ఇన్నేళ్ళలో నా పనిని చూసి ఆయన కళ్ళజోడు తీయడం అదే మొదటిసారి.

సార్ గురించి ఒక మాట. మంచి మనిషే, కానీ సెమినార్ మొదలైతే చాలు, నిద్రపోతారు. మా క్యాంపస్ నిండా ఉన్న నిద్రగన్నేరు చెట్లు కూడా సాయంత్రం దాకా ఆగి ఆకులు ముడుచుకుంటాయి, ఈయన మధ్యాహ్నం భోజనం కాగానే ముడుచుకుంటారు. అందుకని అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఆయన పేరు నిద్రగన్నేరు. మాతో ఇంగ్లీషూ, ఆఫీసు వాళ్ళతో కన్నడమూ మాట్లాడే మనిషి కదా అని, ఆయన పక్క బల్ల దగ్గరున్నప్పుడే "నిద్రగన్నేరు ఇయ్యాల మళ్ళీ గ్రాఫ్ రంగులు మార్చమనింది మా, ఎరుపు బాగలేదంట, ఆయన మొఖం బాగుందా" అని తెలుగులో హాయిగా తిట్టుకునేదాన్ని. ఆయన కంప్యూటర్లోకి చూస్తూ తల ఊపేవారు. నేను లెక్కలు ఒప్పజెబుతున్నాననుకున్నట్టు.

అమ్మకు మాత్రం ఈ ఊపిరి ఫిజిక్స్‌లో మొదటిసారి అర్థమైన సంగతి. రోజంతా వార్డులో జనం ఊపిరి చూస్తూ తిరిగే మనిషి ఆమె. "మా పాప బంగారానికి ఊపిరుండాదని కనిపెట్టింది" అని నర్సింగ్ హోంలో చెప్పింది, చర్చిలో చెప్పింది, మార్కెట్లో ఉల్లిపాయలు అమ్మేవాడికి చెప్పింది. వాడు "నగ కొంటే బతికే ఉంటుందా మేడమ్?" అని అడిగాడట. నేను సిగ్గుపడ్డట్టు నటించేదాన్ని గానీ లోపల నాకెంత బాగుండేదో చెప్పలేను.

పేపరు రాసి పంపించాం. రివ్యూలు చాలా బాగా వచ్చాయి. ఒకాయన మాత్రం, కడ్డీల పొర ఇంకొంచెం మందంగా ఉంటే ఊపిరి ఎలా మారుతుందో ఒక్క కొలత చేర్చండి, అంతే, అన్నాడు. "స్మాల్ థింగ్. వన్ వీక్" అన్నారు సార్. పేపరు వస్తే థీసిస్ సమర్పించవచ్చు. ఈ మాట విన్న సాయంత్రమే అమ్మ రెండు పనులు చేసింది. మేట్రన్‌కు ఈ నెలాఖరుతో మానేస్తున్నానని చెప్పింది. మేట్రన్ "నీ చోటు ఎవరికీ ఇవ్వను, ఇంట్లో బోరు కొడితే వచ్చేయ్" అందట. రెండోది, నెలాఖరు శనివారం మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక అని పాస్టరు గారికి చెప్పేసింది.

కూడిక అంటే తెలియని వాళ్ళకు చెబుతున్నాను. ఇంట్లో ఏదైనా మేలు జరిగితే సంఘాన్ని పిలిచి, పాటలు పాడి, ప్రార్థన చేసి, భోజనం పెడతారు. మేలు పొందిన మనిషి నిలబడి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. గాల్ బ్లాడర్లో రాళ్ళు పోయినందుకు, వీసా వచ్చినందుకు, స్కూటరు కింద పడి బతికినందుకు కూడికలు నేను చాలా చూశాను. నానో కడ్డీలకు పెట్టిన కూడిక బహుశా మాదే మొదటిది. "పేపర్ ఇంకా రాలేదు కదమ్మా" అన్నాను. "వస్తాది లేమే. ముందే కృతజ్ఞత చెప్తే దేవుడు తప్పించుకోల్యాడు" అంది. నా ఫోన్ లాక్కుని తన నర్సింగ్ హోం కన్నడంలో సార్‌ను కూడా పిలిచింది. ఆయన వెంటనే వస్తానన్నారు, అదీ ఆశ్చర్యమే.

సరిగ్గా అప్పుడే ఎండలకు మా ల్యాబ్ పాత ఏసీ మూలిగి మూలిగి ఆగిపోయింది. లేజరుకు ఉక్కపోస్తుందని సార్ తల్లడిల్లి ఎవరెవరికో ఫోన్లు చేసి కొత్త ఏసీ పెట్టించారు. చప్పుడు లేదు, ఆగడం లేదు, నీళ్ళు కారడం లేదు, పెళ్ళిచూపులకు వచ్చిన అల్లుడిలా ఒకేలాగా నడిచేది. నేను మందమైన పొర పెట్టి స్కాను మొదలుపెట్టాను. ఊపిరి లేదు.

పాత పొర పెట్టాను. దానికీ లేదు. నిన్నటి దాకా చక్కగా ఊపిరి తీసిన పొర అది. సార్‌కు చెప్పాను. "శాంపుల్ ఈజ్ డెడ్. మేక్ ఎగైన్" అన్నారు. కొత్త కడ్డీలు చేశాను. చచ్చినట్టే పడి ఉన్నాయి. "హ్యుమిడిటీ. మేక్ ఎగైన్" అన్నారు సార్, ఈసారి నా వైపు చూడకుండా. మళ్ళీ చేశాను. గ్రాఫ్ గీత జారుబండలా దిగి పడుకుంది. ఒక్క అల లేదు. ఇంట్లో అమ్మ బిర్యానీకి ఎవర్ని పిలవాలో మాట్లాడుతుంటే, నేను శవం పక్కన కూర్చున్న దానిలా కూర్చునేదాన్ని. నా చేతులే ఏదో తప్పు చేస్తున్నాయని నమ్మాను. భయంతో అన్నం సహించేది కాదు.

కూడికకు ముందు రోజు, శుక్రవారం, సెమినార్ ఉండింది. కెమిస్ట్రీ నుంచి ఒకాయన ఏదో చెబుతున్నాడు, సార్ అప్పటికే ఆకులు ముడిచేశారు. నేను గోడ వైపు చూస్తే అక్కడున్న ఏసీ ఎక్కడో చూసిన మొహంలా అనిపించింది. మా పాతదే. మా సంస్థలో ఏ వస్తువూ చావదు, బాగుచేసి గది మారుస్తారు. ఎవరో ఆలస్యంగా తలుపు తోసుకుని వచ్చారు, బయటి వేడి గాలి లోపలికి వచ్చింది. వెంటనే ఏసీ డబ్బుమని మొదలై గురక పెట్టింది. గది చల్లబడగానే ఆగింది. కాసేపటికి మళ్ళీ డబ్బుమంది, గురక, నిశ్శబ్దం. మళ్ళీ అదే.

ఆ తాళం నాకు తెలుసు. రెండేళ్ళుగా నేను గ్రాఫుల్లో చూస్తున్న తాళం అది.

ల్యాప్‌టాప్ తీసి నా గ్రాఫ్ కింద ఉన్న పికోసెకండ్లు చెరిపేసి, స్కాను మొదలుపెట్టినప్పటి నుంచి గడిచిన నిమిషాలు వేశాను. బంగారం ఊపిరి ఎప్పుడు లోపలికి పోతుందో, ఎప్పుడు బయటికి వస్తుందో, గోడ మీది ఏసీ చెప్పేస్తోంది. గది చల్లబడితే అద్దాలను పట్టుకున్న ఇనుప కడ్డీలు పిసరంత కుంచించుకుంటాయి. కొట్టే వెలుగూ చూసే వెలుగూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడవు, సిగ్నల్ తగ్గుతుంది. వేడెక్కితే మళ్ళీ పెరుగుతుంది. అద్దం వరసగా జరుగుతూ పోతుంది కాబట్టి, గడియారంలో గడిచిన ఆ నిమిషాలన్నీ గ్రాఫ్ మీద పికోసెకండ్ల వేషం వేసుకుని కూర్చున్నాయి.

అయినా ఒక అనుమానం మిగిలింది. ఏసీ ఎప్పుడు పడితే అప్పుడు గురక పెడితే, అన్ని స్కాన్ల సగటులో ఆ అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాసిపోవాలి కదా. మాకు మాత్రం సగటు తీసేకొద్దీ శుభ్రంగా ఎందుకు వచ్చాయి? జవాబు ఆ తలుపే. బటన్ నొక్కి మేము బయటికి వస్తాం. తలుపు తెరిచినప్పుడు కారిడార్ వేడి లోపలికి పోతుంది. ఏసీ ఉలిక్కిపడి లేస్తుంది. ప్రతి స్కానుకూ సరిగ్గా అదే సమయానికి. మేము మడి పాటించకుండా లోపలే కూర్చుని వేరుశెనక్కాయలు తింటూ ఉంటే ఈ ఊపిరి ఎప్పుడో గాల్లో కలిసిపోయేది. మా శ్రద్ధే దాన్ని పుట్టించి, పెంచి, పేపరు దాకా తెచ్చింది.

శనివారం క్యాంపస్ ఖాళీ. నిర్ధారణ కాకుండా సార్‌కు గానీ అమ్మకు గానీ చెప్పకూడదనుకుని నేనొక్కదాన్నే పోయాను. స్కాను పెట్టి, ఆగని కొత్త ఏసీకి బదులు నేనే గదిని వేడీ చల్లా చేద్దామని తలుపు దగ్గర నిలబడి, కాసేపు తెరిచి కాసేపు మూస్తూ పోయాను. చచ్చిపోయిన బంగారం లేచి ఊపిరి తీసింది. ఇంకా నిదానంగా తెరిచి మూశాను, నిదానంగా ఊపిరి తీసింది. హడావిడిగా తెరిచి మూశాను, ఆస్తమా రోగిలా రొప్పింది. వాచ్‌మన్ వచ్చి "యాకమ్మా, బాగిలు కెట్టిదెయా?" అని అడిగాడు. తలుపు పాడవలేదు, పాడయ్యింది వేరే ఉంది అన్నాను. చివరగా చేయాల్సింది చేశాను. అద్దాన్ని వరసగా కాకుండా ముందుకూ వెనక్కూ ఇష్టమొచ్చిన చోటికి గెంతించి కొలిచాను. అలా చేస్తే గడియారం నిమిషాలు ఒకచోట కూడబలుక్కోలేవు. తలుపు నేను ఎంత ఆడించినా గీత మీద కాస్త గరుకుదనం తప్ప ఒక్క అల కూడా లేదు. ఈ పద్ధతి చాలా ల్యాబుల్లో మామూలే. మా దగ్గర మడి ఉంది కాబట్టి దీని అవసరం ఎవరికీ తోచలేదు.

అక్కడే నేల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. తర్వాత అమ్మ గుర్తొచ్చింది, అప్పుడు ఏడుపొచ్చింది. నిన్న సాయంత్రమే ఆమె ఆఖరి డ్యూటీ. తోటి నర్సులు కేకు కోయించి శాలువా కప్పారు. ఇంటికొచ్చి, పాతికేళ్ళుగా అన్నం కట్టుకుపోయిన స్టీలు డబ్బాను చింతపండు వేసి తళతళా తోమి, ఆరబెట్టి, నాతో అటక మీద పెట్టించింది. "దానికీ రిటైర్మెంటే" అని నవ్వింది.

సార్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆయన అప్పటికే మెట్రోలో మా ఇంటి వైపే వస్తున్నారని తర్వాత తెలిసింది. అమ్మకు చేశాను. "మా, ఒక మాట చెప్పాల" అన్నాను. "పెరుగు తక్కువ పడేట్టుండాది, వచ్చేటప్పుడు తెచ్చుకోనిరా. కుర్చీలోడు వచ్చినాడు" అని పెట్టేసింది. నా శాస్త్రీయ జీవితంలో అతి పెద్ద వార్త చేతిలో పెట్టుకుని కాడుగోడి స్టేషన్లో దిగి పెరుగు కొన్నాను.

ఇంటికి పోయేసరికి కంజరలు మోగుతున్నాయి. హాలు, వరండా, మెట్లు నిండా జనం. ప్లాస్టిక్ కుర్చీలో సార్ కూర్చుని ఉన్నారు, ఒళ్ళో స్వీట్ల డబ్బా. మెలకువగా ఉన్నారు, అదొక వింత. పెరుగు వంటింట్లో పెట్టే లోపే పాట అయిపోయింది, పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టారు. మట్టికి ఊపిరి పోసిన దేవుడు ఈ బిడ్డను బంగారపు ఊపిరి విననిచ్చాడన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ కొత్త చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ప్రసంగం సరిగ్గా ఒక స్కానంత సేపు నడిచింది. నేను గోడకు ఆనుకుని, ఈ ఒక్క సాయంత్రం ఊరుకుంటే ఏం పోతుంది, సోమవారం చెప్పుకోవచ్చు కదా అని వంద రకాలుగా బేరమాడుకున్నాను. పాస్టరు గారు "ఇప్పుడు మన బిడ్డ సాక్ష్యం" అన్నారు.

లేచి నిలబడ్డాను. అమ్మ మొహం చూశాను. ఊరుకోవడం నా వల్ల కాలేదు. సార్‌కు అర్థం కాకుండా తెలుగులో గబగబా చెప్పేస్తే, ఆయనకు విడిగా తర్వాత చెప్పుకోవచ్చని ఒక దిక్కుమాలిన తెలివి మాత్రం మిగిలింది.

"ఆ బంగారం ఊపిరి తీయలేదు" అన్నాను. "ఊపిరి తీసింది మా ల్యాబ్ ఏసీ."

కంజర పట్టుకున్న ఆంటీ చేతిలో అది ఒకసారి దానంతటదే గలగలమంది.

"మనం పెండ్లిలో ఫోటో తీసేటప్పుడు చెయ్యి వణికితే పెండ్లికూతురు వణికినట్టు పడతాది కదా. అట్లా. మా చెయ్యి వణికింది, మేము పెండ్లికూతురు వణికిందని పేపర్ రాసినాము. నాకీ మధ్యాహ్నమే ఖాయంగా తెలిసింది. కొత్త సంగతేమీ కనిపెట్టలేదు. థీసిస్ కూడా ఇప్పుడు కాదు. మీరందరూ వచ్చినారు, మా అమ్మ అందరికీ చెప్పుకునింది, అందుకే మీ ముందరే చెప్తా ఉండాను." ఇంకేం చెప్పాలో తెలియక "స్తోత్రం" అని కూర్చున్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు గారు గొంతు సవరించుకుని, వేసవిలో ఏసీ ఎంత అవసరమో అన్నట్టు ఏదో మొదలుపెట్టబోయారు. అప్పుడు సార్ లేచారు.

"అయ్యగారూ, నేనూ ఒక సాక్ష్యం చెప్పొచ్చునా?" అన్నారు. తెలుగులో.



"మాది ఈ పక్క దొడ్డబళ్ళాపురం. తాతల కాలం నింటీ అక్కడే ఉండాము, ఇంట్లో తెలుగే. ఈ యమ్మి చెప్పిందంతా నాకు అర్థమాయె. అయిదేండ్లుగా ఫోన్లో వాళ్ళమ్మకు చెప్పేదీ అర్థమవుతానే ఉండాది." ఆయన అమ్మ వైపు తిరిగి చేతులు జోడించారు. "ఆ నిద్రగన్నేరు చెట్టు నేనే అమ్మా."

జనం ఘొల్లుమన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వరండా వైపు దారి వెతుక్కున్నాను, అంతా కుర్చీలే. నవ్వులు ఆగేదాకా సార్ ఆగారు.

"నవ్వండప్పా, నవ్వేదే. ఇంకొక మాట ఉండాది. కొత్త ఏసీ వచ్చి ఊపిరి నిలిచిన దినమే నాకు అనుమానం తగిలె. ఇంత వయసొచ్చినోణ్ణి, నాకు తగలకుండా ఉంటుందా? కానీ ఆ పేపరు నాకూ కావల్సి ఉండె. శాంపులు చెడిపోయింది పో, మళ్ళీ చెయ్యి పో, అని ఈ బిడ్డను తిప్పితిని. తప్పు తన చేతిదేమో అని ఏడుస్తా ఉంటే చూస్తానే ఉంటిని. సోమవారం ఆ పేపరు వెనక్కి తీసుకుంటాము. ఎందుకు తీసుకుంటామో కూడా రాస్తాము. అది రాసేది నేను." కూర్చోబోయి మళ్ళీ లేచి "స్తోత్రం" అన్నారు. నేను చెప్పినదానికంటే ఆయన చెప్పిందే బాగుంది.

నాకు ఆయన మీద మండింది. ఆ వారాలన్నీ అన్నం తినకుండా కుమిలిపోయిన దాన్ని కదా, ఆ కోపం ఇప్పటికీ కొంచెం ఉంది. అదే సమయంలో, ఆ ప్లాస్టిక్ కుర్చీల మధ్య స్వీట్ల డబ్బా పట్టుకుని నిలబడిన మనిషిని చూస్తే ఇష్టం కూడా కలిగింది. రెండూ ఒకేసారి ఉండవచ్చని నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

ముగింపు ప్రార్థన ఇంటావిడ చేయాలి. అమ్మ లేచింది. మోకాలి మీద చేయి ఆన్చి, కళ్ళు మూసుకుంది. ఆమె సాధారణంగా దేవుడికి పూర్తి కేస్ షీట్ చదివి వినిపించే రకం. ఆ రోజు మాత్రం, "ప్రభువా, ఊపిరి లేనిదానికి ఊపిరుండాదని ఈ బిడ్డ నోట రానియ్యకుండా కాపాడినావు. ఆమెన్" అంది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది సార్. తర్వాత బిర్యానీ రెండుసార్లు పెట్టించుకుని, ఒక ఆంటీతో దొడ్డబళ్ళాపురం చీరల గురించి మాట్లాడుతూ పోయారు. ఏసీ రిపేరు చేసే ఒక అంకుల్ నాకు తన కార్డు ఇచ్చాడు.

అందరూ పోయాక వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఇద్దరమే మిగిలాం. అమ్మ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మధ్యాహ్నమే తెలిస్తే ఫోన్లో చెప్పొచ్చు కదమే" అంది.

"చెప్పబోతే పెరుగన్నావు."

"ఊఁ." కాసేపు గిన్నెలు కడిగింది. "ఇంగెన్నాళ్ళు పడతాదంట?"

"తెలీదుమా. ఏడాది. ఇంకా ఎక్కువేమో." చేతిలో గిన్నె తుడిచి బోర్లించాను. "సారీమా."

"సారీ ఏంటికి. లేని ఊపిరి ఉండాదని ఏ నర్సన్నా రాసిందా?" తడి చేతులు కొంగుకు తుడుచుకుని స్టూలు మీద కూర్చుని మోకాలు నొక్కుకుంది. "సోమవారం డబ్బాకి ఏం చేసేది? ఉప్మా తింటావా, చిత్రాన్నమా?"

"నువ్వు పొద్దున్నే లేవద్దుమా. నేను క్యాంటీన్లో తింటాలే. ఇంక పడుకోవచ్చు కదా నువ్వు."

"నీ ఒక్కదానికోసమే లేస్తాననుకున్నావా?" అంది. స్టూలు మీది నుంచి లేచి దాన్ని నా వైపు జరిపింది. "ఎక్కు. అటక మీది నా డబ్బా దించీ."

ఎక్కి దించాను.